రెండు గంటల పది నిమిషాలు

"తీసింది మీరేనా కాదా, అది చెప్పండి చాలు," అంది కోడలు, గొంతు పైకి రానివ్వకుండా.

"నేను తియ్యలేదు," అంది అత్తగారు, అంతకన్నా చిన్న గొంతుతో.

"మరి ఇంకెవరు తీస్తారు, గోడలా?"

"నాకేం తెలుసు? పదిసార్లు అడిగితే పదోసారికి తీశానని ఒప్పుకుంటానని చూస్తున్నావా?"

ఆ ఇంట్లో పోట్లాటలన్నీ గుసగుసలే. పక్క గదిలో కోడలి భర్త నిద్రపోతుంటాడు. బేకరీలో రొట్టెలు కాల్చే పని అతనిది. ఊరు లేవకముందే వెళ్ళి, తొమ్మిదింటికి ఇల్లు చేరి, పదింటికి మంచమెక్కితే మళ్ళీ నాలుగింటికే లేవడం. ఆ ఆరు గంటలూ ఇంట్లో ఎవరికైనా దగ్గొస్తే పెరట్లోకి వెళ్ళి దగ్గాలి. గొళ్ళేలకి నూనె, గిన్నెల కింద గుడ్డలు. కోడలి కుట్టుమిషను ముందుగదిలో ఉంటుంది; ఆ తలుపు కింద సందులో మడిచి దోపిన పాత దుప్పటి. కొత్తవాళ్ళెవరైనా వస్తే ఈ ఇంట్లో ఏదో జరగరానిది జరిగిందనుకుని పరామర్శ మొదలెడతారు. పోట్లాడుకోవాలన్నా ఇదిగో, ఇలా వంటింటి మూలకి చేరి, మొహాలు దగ్గర పెట్టుకుని, రహస్యం చెప్పుకుంటున్నట్టు పోట్లాడుకోవాల్సిందే.

ఇంకో చిత్రం చెప్పాలి. కోపమొస్తే అందరిళ్ళల్లో గిన్నెలు మోగుతాయి. ఈ అత్తగారికి కోపమొస్తే గిన్నెలు మరీ మెత్తబడతాయి. చంటిపిల్లని పడుకోబెట్టినంత నెమ్మదిగా మూత పెట్టిందంటే ఆవిడ లోపల భగ్గున మండుతోందని లెక్క. ఇప్పుడు సరిగ్గా అలాగే పెట్టింది.

"నా మనవరాలి చెవులు నేను మూస్తానా?" అంది.

"మూశారనలేదు. మరిచిపోయి ఉంటారేమో అంటున్నాను. స్నానానికి తీసి, మళ్ళీ పెట్టకుండా..."

"స్నానం నువ్వే కదా చేయిస్తావు?"

ఏమనాలో తోచనప్పుడు ఇంకా గట్టిగా అనాలనిపిస్తుంది మనిషికి. గట్టిగా అనే వీల్లేని ఇల్లాయె.

పొద్దున ఆస్పత్రిలో జరిగింది తలుచుకుంటే ఆమెకి ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి. కూతురికి నాలుగో ఏడు నడుస్తోంది. ఇంట్లో అందరూ గువ్వ అంటారు. పుట్టుకతోనే వినికిడి చాలా తక్కువ. చెవి వెనక పెట్టుకునే పరికరాలు రెండు ఇచ్చి నాలుగు నెలలైంది. రోజూ ఎన్ని గంటలు పెట్టుకుందో పుస్తకంలో రాయమన్నారు. కోడలు రాసింది. ఒక్కరోజు తప్పకుండా, గీతలు కొట్టి గళ్ళు చేసి మరీ రాసింది: పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు, పన్నెండు గంటలు.

వినికిడి పరీక్షలు చేసే ఆవిడని అందరూ చెవుల డాక్టరమ్మ అంటారు. ఆవిడ పుస్తకం తిరగేసి, చాలా బాగా రాశారమ్మా అంది. తర్వాత పరికరాలకి తీగ తగిలించి కంప్యూటర్లోకి చూసింది. చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది.

"ఇవి ఎన్ని గంటలు పనిచేశాయో వీటికే గుర్తుంటుందమ్మా," అంది. "సగటున రోజుకి రెండు గంటల పది నిమిషాలు చూపిస్తున్నాయి."

అబద్ధాలకోరువని ఆవిడ అనలేదు. అంటే బాగుండేది, తనూ తిరిగి ఏదో ఒకటి అనేది. పుస్తకం మూసి, మర్యాదగా చేతికిచ్చి, "ఇంట్లో పాపని ఇంకెవరైనా చూసుకుంటారా?" అని మాత్రం అడిగింది. బల్లకి అవతల కూర్చున్న నర్సు కిటికీలోంచి బయటికి చూసింది. కోడలు తల వంచుకుంది. ఆమె జన్మలో ఎవరి ముందూ అలా తల వంచుకోలేదు.

ఆవిడ తర్వాత చెప్పింది ఇంకా పెద్ద మాట. ఆరు వారాల్లో కమిటీ కూర్చుంటుంది. ఆపరేషను చేసి చెవి లోపల పరికరం పెట్టడానికి పిల్లల్ని ఎంపిక చేస్తుంది. ఈ ఏడాదికి అదే ఆఖరి జాబితా. ఈ బయటి పరికరాలని ఇంట్లోవాళ్ళు శ్రద్ధగా వాడారా అన్నదే వాళ్ళు మొట్టమొదట చూసేది.

"రెండు గంటలని చూస్తే ఏం అంటారో నాకు తెలుసు," అంది డాక్టరమ్మ. "ఇదే వాడనివాళ్ళు అది వాడతారా అంటారు. వచ్చే ఏడు చూద్దాం అంటారు. కానీ మాట పట్టుకునే వయసు వచ్చే ఏటిదాకా ఆగదమ్మా. పదిహేను రోజుల్లో మళ్ళీ తీసుకురండి. అంకె మారితే కమిటీకి నేనే రాస్తాను."

పరికరాలు మళ్ళీ గువ్వ చెవులకి పెట్టి పంపించింది. దారంతా కోడలు ఒక్కటే ఆలోచించింది. ఏడింటికి పెట్టేది తను. ఏడింటికి తీసేది తను. మధ్యలో తను మిషను ముందు ఉంటుంది, బడులు తెరిచే రోజులు కదా, మూడు వందల యూనిఫారాలు కుట్టివ్వాలి. తను ఆ గదిలో ఉన్నంతసేపూ పిల్ల దగ్గర ఉండేది అత్తగారు. ఇల్లు చేరి, గువ్వకి చెప్పులు విప్పి, ముందుగదిలో గుండీల డబ్బా ముందు కూర్చోబెట్టి, నేరుగా వంటింట్లోకి వచ్చింది.

"పోనీ ఎవరు తీస్తుంటే చూశారో చెప్పండి అత్తయ్యా," అంది ఇప్పుడు.

"చూస్తే నీకు చెప్పనా?"

ఇంతలో వంటింట్లో దీపం ఆరిపోయింది.

గుమ్మంలో మామగారు. చెయ్యి ఇంకా స్విచ్చి మీదే ఉంది. ఆయన ముప్పై ఏళ్ళు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసి, అంకెలు రాసుకున్న మనిషి. వీధిలో పిల్లలకి ఇప్పటికీ మీటరు తాతే. ఉద్యోగం పోయినా అలవాటు పోలేదు. ఏ గదిలోంచి వెళ్ళినా చెయ్యి దానంతటదే గోడ మీదికి పోతుంది.

"మేమింకా ఇక్కడే ఉన్నాం," అంది అత్తగారు.

"కిటికీలోంచి వెలుతురొస్తోందిగా," అని ఆయన కోడలి కేసి చూశాడు. "ఏమన్నారమ్మా ఆస్పత్రిలో?"

"ఎవరో పిల్ల పరికరాలు ఆపేస్తున్నారట. నేనేనట," అంది అత్తగారు.

"నువ్వెందుకు ఆపుతావు? ఆపేది నేను కదా," అన్నాడు మామగారు.

అత్తగారి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"ఇప్పుడే ఆపేసి వస్తున్నాను," అన్నాడాయన. "మీరిద్దరూ ఇక్కడున్నారు, అది ఒక్కతే అక్కడ గుండీలతో ఆడుకుంటోంది. ఎందుకూ అని."

"ఆపేసి అంటే?" అంది కోడలు. "చెవులకి పెట్టే ఉంటాయి కదా మామయ్యా. నేనెప్పుడు చూసినా పెట్టే ఉంటాయి."

"చెవిలోంచి తియ్యను. నాకు మళ్ళీ పెట్టడం చేతకాదు. అడుగున చిన్న తలుపుంటుంది చూడు, సెల్లు ఉండే చోట. గోటితో ఇలా అంటే తెరుచుకుంటుంది. తెరిస్తే ఆగుతుంది, మూస్తే పనిచేస్తుంది. జుట్టు కిందికి పోతుంది కాబట్టి కనబడదు."

"ఎప్పటినుంచి?"

"తెచ్చినప్పటినుంచీ."

దాచుకుంటున్న మనిషి చెప్పినట్టు చెప్పలేదాయన. పని నేర్చినవాడు పని గురించి చెప్పినట్టు చెప్పాడు. మనుషుల్లేని గదుల్లో గిర్రున తిరిగే ఫ్యాన్లు ఎన్ని చూశానో నీకేం తెలుసమ్మా అన్నాడు. గదిలో మనిషి లేకపోతే ఫ్యాను ఆపుతాం కదా, మాట్లాడే మనిషి లేనప్పుడు ఆ మిషను ఎందుకు పనిచెయ్యాలి, ఆ సెల్లెందుకు అరిగిపోవాలి అన్నాడు. అంతా సవ్యంగానే ఉన్నట్టుంది, ఆయన మొహం చూస్తే.

"ఆ సెల్లు మీద కాగితం ఒక్కసారి పీకామా, వాడినా వాడకపోయినా అది అయిపోతూనే ఉంటుంది," అంది కోడలు. "మొదటి రోజే చెప్పారు."

"నేను రాలేదుగా ఆ రోజు," అన్నాడాయన. మొదటిసారి గొంతు తడబడింది. "నాకెవరూ చెప్పలేదు."

నిజమే, ఎవరూ చెప్పలేదు. కానీ ఆ నిజం వినే ఓపిక కోడలికి ఆ క్షణాన లేదు. పుస్తకంలో నాలుగు నెలల గళ్ళు, డాక్టరమ్మ కళ్ళజోడు తుడుచుకోవడం, కిటికీలోంచి చూసిన నర్సు, అన్నీ ఒక్కసారిగా గొంతులోకి వచ్చాయి.

"దాని బతుకు ఆపేశారు మామయ్యా!"

అరిచింది. ఆ ఇంట్లో పట్టపగలు ఎవరైనా అరిచి ఎన్నేళ్ళయిందో. పక్కగదిలో మంచం కిర్రుమంది. ముగ్గురూ ఊపిరి బిగబట్టి ఆ తలుపు కేసి చూశారు, అలవాటుగా. కోడలు కూడా చూసింది. చూసినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

భర్త బయటికి వచ్చాడు. చెంప మీద దిండు ముడతలు, చెవి వెనక కడిగినా పోని పిండి. "ఎవరికేమైంది?" అన్నాడు, ఎవరో పోయారనుకున్న మనిషిలా.

కోడలు చెప్పింది. కమిటీ సంగతి చెప్పింది, అంకె చెప్పింది, చిన్న తలుపు చెప్పింది. మధ్యలో అత్తగారు "ముందు నా సంగతి తేల్చండి, అరగంటనుంచి నేను దొంగని" అంది గాని ఎవరూ పట్టించుకోలేదు.

"నీకేమైనా మతి పోయిందా నాన్నా?" అన్నాడు భర్త. "తెలియకపోతే అడగాలి. ఇవాళ్టినుంచి దాని చెవుల మీద చెయ్యి వేశావంటే ఊరుకోను."

"వెయ్యనులే," అన్నాడు మామగారు.

ఆ ఒక్క మాట దగ్గర ఆగితే పోట్లాట అక్కడితో ముగిసేదేమో. ఇంట్లో ఒక తప్పు, దానికి ఒక మనిషి, అందరికీ సుఖం. కానీ ఆయనకి పౌరుషం పొడుచుకొచ్చింది. ముప్పై ఏళ్ళలో ఒక్క అంకె తప్పు రాసినవాడు కాదు.

"కానీ ఒక్కటి చెప్తాను విను. ఎవరైనా దానితో మాట్లాడబోతున్నారంటే నేను ముందే వెళ్ళి మూసేవాణ్ణి. ఒక్కరోజు మరిచిపోలేదు. మీరు దానితో అన్న మాట ఒక్కటి కూడా పోనివ్వలేదు."

"అలాగైతే రెండు గంటలే ఎందుకు చూపిస్తుంది?" అంది కోడలు. "అందరం దానితో మాట్లాడుతూనే ఉంటాం కదా. చెప్పండి."

పట్టుబడ్డాడనుకుంది.

ఆయన కళ్ళు చిట్లించాడు, దూరంగా గోడ మీద ఉన్న అంకెలు చదువుతున్నట్టు.

"పొద్దున నువ్వు మొహం కడిగి, తల దువ్వి, బట్టలు వేస్తావు. అప్పుడు మాట్లాడతావు. ముప్పావుగంట. నువ్వు మిషను గదిలోకి పోగానే ఆపుతాను. వీడు పనినుంచి వచ్చి ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాడు, పది నిమిషాలు. వీడు ఏమీ మాట్లాడడు, అయినా మాట్లాడతాడేమోనని ఉంచుతాను. వీడు మంచం కేసి కదలగానే ఆపేస్తాను. మధ్యాహ్నం మీ అత్తయ్య అన్నం పెడుతూ ఏదో చెప్తుంది, పావుగంట. సాయంత్రం నేను బొమ్మల పుస్తకం చూపిస్తాను, అరగంట. నువ్వు మిషను మీదనుంచి లేచి వచ్చాక ఇంకో అరగంట. తర్వాత నువ్వే తీసి డబ్బాలో పెడతావు." వేళ్ళు ముడుచుకున్నాడు. "రెండు గంటల పది నిమిషాలు. సరిపోయింది చూడు."

అంకె కుదిరిన తృప్తి ఒక్క క్షణం ఆయన మొహంలో వెలిగింది. తర్వాత ఎదురుగా ఉన్న మూడు మొహాలూ చూశాడు. మెల్లిగా వేళ్ళు విప్పుకున్నాడు.

ఎవరూ మాట్లాడలేదు. ఈసారి నిద్రపోతున్నవాళ్ళ కోసం కాదు.

అది అబద్ధమని కోడలు ఎలా అంటుంది? మిషను తొక్కుతున్నంతసేపూ ఆమె గువ్వతో మాట్లాడుతూనే ఉంటుంది, మనసులో. ఈ గౌను నీకు కుడతాను, ఈ జేబు నీకైతే ఇంకొంచెం కిందికి పెడతాను, నువ్వు బడికి వెళ్ళే రోజున నేనే దిగబెడతాను. పెదవి దాటి ఒక్కటీ రాలేదు. మూసిన తలుపుకి ఇవతల తను, అవతల పిల్ల, మధ్యలో దుప్పటి. ముక్కూ మొహమూ తెలియని మూడు వందల మంది పిల్లలకి చొక్కాలు కుట్టింది. ఇంతకీ ఆ యంత్రం ఆమె మీద చాడీలు చెప్పలేదు. ఇంట్లో ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆమెకి సిగ్గేసింది. డాక్టరమ్మ ముందు వేసిన సిగ్గు దీని ముందు ఏపాటిది.

"నోటితోనే మాట్లాడాలని కూడా అనలేదు డాక్టరమ్మ," అంది చివరికి, ఎవరితోనో తెలియకుండా. "చేత్తో అయినా సరే, దానితో మాట్లాడండి అంది. మనం చేత్తో ఏం చెప్తాం? తిను, రా, పడుకో."

"వాడి నిద్ర కోసమే కదే ఇదంతా," అంది అత్తగారు.

"నా నిద్రా?" అన్నాడు భర్త. "నేను అడిగానా? దుప్పట్లు దొయ్యమని అడిగానా?"

"అడగలేదు నాయనా. నేనే పెట్టాను ఈ పద్ధతి." అత్తగారు కొడుకు కుడిచేతి కేసి చూసింది. మోచేతినుంచి మణికట్టుదాకా తోలు నున్నగా, రంగు మారి ఉంటుంది. నిద్ర చాలక బేకరీ పొయ్యి ముందు కునికినప్పుడు కాలిన మచ్చ. "ఆ చెయ్యి చూసిన రోజునుంచి నీ తలుపు దగ్గర ఈగని కూడా వాలనివ్వలేదు. పిల్ల వినలేదు కదా, దానికి మాటలుంటే ఏం, లేకపోతే ఏం అనుకున్నాను. ఇదిగో, అనుకున్నాను. ఇప్పుడు నన్ను దొంగనే అను, పడతాను."

కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుందామనుకుంది. పట్టుకోలేదు. ముందు ఇంకో పని ఉంది.

ముందుగదిలో గువ్వ గుండీల్ని రంగుల వారీగా పేర్చుకుంటోంది. తల్లి వచ్చి ఎదురుగా చతికిలబడేదాకా తలెత్తలేదు. వంటింట్లో అంత అరిచినా కదలని పిల్ల. కోడలు దాని జుట్టు చెవుల వెనక్కి నెట్టింది. ఆయన చెప్పినట్టే ఉన్నాయి, రెండు బుల్లి తలుపులూ తెరుచుకుని. ఒకటి మూసింది. రెండోది మూసింది.

గువ్వ కనుబొమ్మలు లేచాయి. గది ఒక్కసారిగా దాని దగ్గరికి వచ్చినట్టు అటూ ఇటూ చూసింది.

ఏం మాట్లాడాలి? కన్నకూతురు ఎదురుగా కూర్చుంటే ఒక్క మాట తట్టలేదు కోడలికి. బట్టలిచ్చి పోయేవాళ్ళతో గంటలు గంటలు మాట్లాడే మనిషి. సిగ్గు మింగి ఒక గుండీ తీసింది.

"ఇది ఎర్రది," అంది. "ఇదేమో నల్లది. దీనికి రెండు కన్నాలు. ఇదిగో, దీనికి నాలుగు. ఎవరిది ఇంత పెద్ద చొక్కా? ఏనుగుదా?"

గువ్వ తల్లి నోటి కేసి చూసింది. ఇంకా చెప్పమన్నట్టు ఇంకో గుండీ తీసి చేతిలో పెట్టింది. కోడలు దాని సంగతీ చెప్పింది. ఇంకోటి పెట్టింది. దాని సంగతీ చెప్పింది. అయిదో గుండీకి గువ్వ నోట్లోంచి ఏదో శబ్దం వచ్చింది, ఏ మాటా కాదు, ఊరికే ఒక కూత. కానీ తల్లి ఆగినప్పుడు వచ్చింది, వంతు తెలిసినట్టు. కోడలికి కళ్ళనీళ్ళు తిరిగాయి. తుడుచుకోకుండా ఆరో గుండీ అందుకుంది.

ఆ మాటలు విని భర్త గుమ్మందాకా వచ్చాడు. గట్టిగా మాట్లాడుతున్న పెళ్ళాన్ని, ఆమె కేసి చూస్తున్న కూతుర్ని చూసి, తనూ ఏదో అనాలని గొంతు సవరించుకున్నాడు. ఏమనాలో అతనికీ తెలియదు. పిలుద్దామనుకున్నాడు, అంతే. రోజూ పది నిమిషాలు ఒళ్ళో కూర్చోబెట్టుకుని నిద్ర కళ్ళతో దాని జుట్టు నిమిరే తండ్రికి దాన్ని పేరు పెట్టి పిలవాలని ఇవాళే తోచింది.

నిద్ర మొహంతో నిలబడ్డ అతన్ని గువ్వ చూసింది.

దాని మొహంలో నవ్వు ఆగింది. తండ్రి వెనక తలుపు కేసి చూసింది, తాత వస్తాడేమోనని. తాత రాలేదు. వంటింట్లోనే ఉండిపోయాడు, చెయ్యి వెయ్యనని మాటిచ్చాడు కదా. గువ్వ ఒక్క క్షణం ఆగి, ఇంక తనే చెయ్యాలన్నట్టు గుండీ కింద పెట్టింది. కుడిచెయ్యి చెవి వెనక్కి పెట్టి బుల్లి గోటితో తలుపు తెరిచింది. తర్వాత ఎడమ చెవి. వేలు తడబడలేదు, వెతుక్కోలేదు. నాన్న నిద్రకి పోయే వేళ తాత చేసే పని, నాలుగు నెలలుగా రోజూ ఎరిగినది.

కోడలు చెయ్యి చాచేలోపే అయిపోయింది.

"గువ్వా," అని పిలిచాడు తండ్రి. ఆ గొంతు అంత పెద్దదని ఆ ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

గువ్వ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, బుద్ధిగా కూర్చుని, నాన్న మెచ్చుకుంటాడేమోనని అతని మొహం కేసి చూస్తోంది.